సాయంత్రం చీటీ

"సాయంత్రం వాళ్ళకి బాగా తగ్గిందమ్మా" అని వ్యాయామం చేయించే అమ్మాయి అనగానే కాజాలమ్మ పాదం కింద తొక్కిపట్టిన రబ్బరు పట్టీ చటుక్కున జారింది. జారి ఊరుకోకుండా ఎగిరి, పక్క కుర్చీలో కూర్చున్న రిటైరైన టీచరమ్మ మోకాలికి తగిలింది. టీచరమ్మ అబ్బా అంది. కాజాలమ్మకు అది వినపడలేదు.

"ఎవరికి తగ్గింది?"

"సాయంత్రం బ్యాచ్ వాళ్ళకి. మనకీ తగ్గింది, లేదనట్లేదు. వాళ్ళకి ఇంకాస్త ఎక్కువ తగ్గింది. మూణ్ణెల్ల రీడింగులూ పెద్ద డాక్టరుగారు నిన్ననే చూశారు."

ఆసుపత్రి మేడమీద గది అది. అరవై దాటి బీపీ ఉన్న ఆడవాళ్ళను రెండు జట్లు చేసి, ఒక జట్టుకు పొద్దున, ఒక జట్టుకు సాయంత్రం వ్యాయామం చేయిస్తున్నారు. చేసే పని ఒకటే. కదలని సైకిలు తొక్కడం, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవడం, రబ్బరు పట్టీ లాగడం. ఎవరి మాత్రలు వాళ్ళవే. తేడా అంతా వేళలోనే. ఏ వేళ చేస్తే రక్తపోటు ఎక్కువ దిగుతుందో తేల్చుకోవాలని పెద్ద డాక్టరుగారి పట్టుదల.

"అందరికీ ఇలాగే అవుతుందని కాదు. మన దగ్గర వచ్చిందే చెబుతున్నా. పొద్దున చేసినా మంచిదే, ఎవరూ మానెయ్యకండి" అంటోంది అమ్మాయి.

ఆ మాటలు టీచరమ్మలాంటి వాళ్ళ కోసం. కాజాలమ్మకు మొదటి ముక్క చాలు. సాయంత్రం జట్టులో ఎంతమంది ఆడవాళ్ళున్నా ఆమె మనసులో ఉన్నది ఒక్కతే. తన తోడికోడలు. ఇంట్లోనూ తమ దర్జీ కొట్లోనూ అందరూ చిన్నామె అని పిలిచే మనిషి.

వ్యాయామం అయ్యాక కాసేపు కుదురుగా కూర్చోబెట్టి బీపీ చూస్తారు. కాజాలమ్మ కుదురుగానే కూర్చుంది, పైకి. అమ్మాయి వచ్చి జబ్బకు పట్టీ చుట్టి గాలి కొట్టడం మొదలుపెట్టింది.

"మాట్లాడకండమ్మా."

"దానికెంత?" అంది కాజాలమ్మ.

"ఎవరికి?"

"ఎవరికేమిటి, మా దానికి."

"వేరేవాళ్ళది చెప్పకూడదమ్మా. మీరు రోజూ అడుగుతారు, నేను రోజూ ఇదే చెబుతాను. మాట్లాడితే మీది పెరుగుతుంది. అదిగో, పెరిగింది."

నూట అరవై దాటింది. కింది అంతస్తులో కంటి డాక్టరు ఖరాఖండీగా చెప్పేశాడు. బీపీ దిగితేనే కంట్లో శుక్లం తీస్తాడట, అంతదాకా తన దగ్గరికి రావద్దన్నాడు. కుడికంటికి అప్పటికే పొగమంచు కమ్మినట్టుంది. ఎడమ కన్ను దాని వెనకే బయల్దేరింది. కోట్లకు గుండీలు పట్టే కాజాలు కుట్టి బతికే మనిషికి ఇంతకంటే ఏం కావాలి భయపడడానికి? ఆ మంచు ఇంకాస్త దిగితే కొట్లో తన పీట తీసేస్తారు. ఎవరూ తీయరు, తనే లేవాల్సొస్తుంది. లేస్తే అక్కడ కూర్చునేది ఎవరో కూడా ఆమెకు తెలుసు.

చిన్నామెకూ ఒక కంట్లో శుక్లం ఉండేది. బీపీ దిగింది, కిందటి నెలలో తీయించుకుంది. ఇప్పుడు సూది ఎత్తి పట్టుకుని ఒక్క దెబ్బకు దారం ఎక్కిస్తుంది. అదీ కాజాలమ్మ ఎదురుగా.

మెట్లు దిగుతుంటే ఇంకో సంగతి గుర్తొచ్చింది. అది ఇద్దరికే తెలుసు. మొదటిరోజు ఇదే మెట్ల మీద, ఎవరికి ఏ వేళో తేల్చే చీట్లు తీసి వస్తున్నప్పుడు, కాజాలమ్మ చీటీలో సాయంత్రం అని ఉంది. చిన్నామె చీటీలో పొద్దున అని ఉంది. "పొద్దున్నైతే ఒళ్ళు తేలిగ్గా ఉంటుందే. సాయంత్రానికి నడుం పడిపోతుంది, పెద్దదాన్ని, నావల్ల కాదు. నీది ఇలా ఇయ్యి" అని చిన్నామె చేతిలోది లాక్కుని తనది దాని చేతిలో పెట్టింది. మంచిది తనకు, మిగిలింది దానికి. ఆ ఇంట్లో కోడళ్ళుగా అడుగుపెట్టిన నాటినుంచీ పంపకం అలాగే జరుగుతోంది. ఈసారి మాత్రం మంచిదాన్నే తన చేత్తో తనే ఎత్తి దానికి ధారపోసింది. ఎవరిని తిట్టాలో తెలియక కాజాలమ్మ మెట్లను తిట్టుకుంటూ దిగింది.

కొట్టు తలుపులు అప్పటికే తీసున్నాయి. రోజూ పొద్దున్నే తీసేది చిన్నామే. కటింగ్ బల్ల దగ్గరికి కాజాలమ్మ కొడుకు ఇంకా రాలేదు. చిన్నామె కిటికీ పక్కన తన ముక్కాలిపీట మీద కూర్చుని ఒళ్ళో ఉన్న దారప్పోగులు దులుపుకుంటోంది. కిందంతా తెగిన దారం ముక్కలు.

"పొద్దున్నే ఏం పీకావే ఇంత దారం?"

"ఏదోలే అక్కా. పాతది ఒకటి సరిచేస్తున్నా" అంది చిన్నామె, చీపురు అందుకుంటూ. "ఎంతొచ్చింది ఇవాళ?"

"ఎంతొస్తే నీకెందుకు?"

చిన్నామె ఊడ్చుకుంటూ వెళ్ళిపోయింది. నోట్లో నాలుక లేని మనిషని వీధంతా దాన్ని మెచ్చుకుంటారు. నోరు లేనివాళ్ళకే అన్నీ దక్కుతాయని కాజాలమ్మ అభిప్రాయం. అవతలి గోడకు కొక్కేలకు కుట్టు పూర్తయిన కోట్లు వరసగా వేలాడుతున్నాయి. ఆ దూరం నుంచి ఆమెకు రంగులే తెలుస్తాయి. కాజాలు మాత్రం మనసుతో చూసుకుంటుంది. కళ్ళు పోయినా చెయ్యి పోలేదు కదా అనుకుని కూర్చుంది. తను కాజాలు కుట్టిన కోటు ఒక్కటీ ఇంతవరకు తిరిగి రాలేదు.

*

మర్నాడు మధ్యాహ్నం టీ తాగుతూ బయటపెట్టేసింది. రాత్రంతా ఎలా అడగాలా అని ఆలోచించి, చివరికి అడగకుండా చెప్పేసింది.

"ఆ సాయంత్రం చీటీ నాది."

చిన్నామె గ్లాసు దించింది. "ఏ చీటీ?"

"ఏమీ ఎరగనట్టు అడక్కు. మెట్ల మీద మార్చుకున్నాం కదా. ఇప్పుడు సాయంత్రం వాళ్ళకి ఎక్కువ తగ్గుతోందట. నీ కన్ను ఎలాగూ బాగుపడింది. నా సాయంత్రం నాకు ఇచ్చెయ్. నువ్వు పొద్దున వెళ్ళు."

ఇస్తుందనే అనుకుంది. ఇన్నేళ్ళలో అది ఇవ్వనిదేముంది? గదిలో కిటికీ పక్క మంచం అడిగితే ఇచ్చింది. అత్తగారి కత్తెర అడిగితే ఇచ్చింది. కానీ చిన్నామె గ్లాసు పక్కకు జరిపింది.

"పొద్దున నాకు కుదరదక్కా."

"ఎందుకు కుదరదు?"

"కొట్టు తియ్యాలి కదా."

"నేను తీస్తా. తాళం తిప్పడానికి కళ్ళక్కర్లేదు."

"వద్దక్కా. పొద్దున నువ్వే వెళ్ళు. నీకు పొద్దున్నే మంచిది."

ఆ మాటతో కాజాలమ్మకు కాలిందేదో మామూలుగా కాలలేదు. తనకు ఏది మంచిదో అది చెప్పడమా! ఇంత చిన్న విషయంలో, ఇన్నేళ్ళ తర్వాత, మొదటిసారి కాదన్నది ఇక్కడా? కన్ను రాగానే పొగరు వచ్చిందన్నమాట. తనకు బీపీ దిగకూడదు, తన కన్ను బాగుపడకూడదు, పీట ఖాళీ కావాలి. లోపల ఇంత పెట్టుకుని పైకి అక్కా అక్కా అంటూ తిరుగుతోంది. వేలితొడుగు పెట్టుకోకుండానే సూది గుచ్చింది ఆ కోపంలో. వేలికొస నుంచి రక్తపు చుక్క వచ్చింది. నోట్లో పెట్టుకుని చప్పరించింది.

ఆ రోజు మొదలుపెట్టినది పళ్ళ డాక్టరు కోటు. గురువారం ఇవ్వాలి. ముదురు నీలం గుడ్డ, దాని మీద నీలం దారం. మంచు కమ్మిన కంటికి అంతకంటే శత్రువు లేదు. దారానికి మైనం రాసుకుంది. చీలిక అంచు వెంట లావు దారం పరుచుకుని, దాని మీద ఒక్కో కుట్టూ ముడి పడేలా బిగించుకుంటూ పోయింది. చూసి కాదు, తడుముకుని. చివర అందరిలా ముడి వెయ్యదు ఆమె. దారాన్ని గుడ్డ పొరల మధ్యకు పోనిచ్చి, వెనక్కి లాగి తెంపుతుంది. లోపలివైపు వేలు పెట్టి రాస్తే ఏమీ తగలదు. ఆ పనితనం చూసే ఆమెకు కాజాలమ్మ అని పేరు పెట్టారు. చిన్నామెకు అది ఎంత చెప్పినా పట్టుబడలేదు. దాని కాజా కింద ఎప్పుడూ ఆవగింజంత ముడి ఉంటుంది. ఆ ఒక్క ముడి తలుచుకుంటే కాజాలమ్మకు ఎంత చెడ్డరోజైనా కాస్త ఊరటగా ఉంటుంది.

*

బుధవారం పొద్దున ఆమె వ్యాయామం మొదలుపెట్టకముందే అమ్మాయిని పక్కకు పిలిచింది.

"నిజం చెప్పాలి. మా ఇద్దరి చీట్లూ తారుమారయ్యాయి. సాయంత్రం నాది, పొద్దున దానిది."

అమ్మాయి అర్థంకానట్టు చూసింది. అర్థమయ్యాక తల పట్టుకుని సైకిలు మీదే కూలబడింది. "ఎప్పుడు మారాయమ్మా?"

"మొదటిరోజే. మెట్ల మీద."

"అయ్యో రామా! చీట్లు ఎందుకు తీయించాం అనుకున్నారు? ఎవరికిష్టమైన వేళ వాళ్ళు తీసుకోకుండా ఉండాలనే కదా! ఇప్పుడు మీ ఇద్దరివీ తీసేసి మొత్తం మళ్ళీ చూడాలి. డాక్టరుగారికి ఏం చెప్పను నేను?"

"నిజం చెప్పు. నేను చెప్పలేదూ?" అంది కాజాలమ్మ, తానేదో త్యాగం చేసినంత దర్జాగా.

అమ్మాయికి కోపం వచ్చింది గానీ ఆ కోపం ముసలివాళ్ళ మీద నిలబడే రకం కాదు. ఎలాగూ లెక్కలోంచి తీసేశాక ఏ వేళ వచ్చినా ఒకటే అంది. కాకపోతే సాయంత్రం గదిలో చోటు లేదు, కుర్చీలన్నీ నిండిపోయాయి. ఒకరు వెళ్తేనే ఒకరికి చోటు.

"అది వెళ్తుంది. దాని చోటులో నేనొస్తా, నా చోటులో అదొస్తుంది."

చిన్నామె ఈ కబురు విని గొడవ చెయ్యలేదు. "నువ్వు వెళ్ళక్కా. నేను మానేస్తాలే" అంది అంతే. పంతానికి మానేస్తోందని కాజాలమ్మకు స్పష్టంగా తెలిసిపోయింది. మానేస్తే మానేసుకోనీ, ఎవరు బతిమాలతారు? ఆ రాత్రి పొద్దుపోయేదాకా కూర్చుని నీలం కోటు కాజాలు ముగించింది.

గురువారం పొద్దున ఆమె తీరిగ్గా లేచి, చిన్నామెతోపాటే కొట్టుకు వచ్చి, తన పీట మీద రాణీగారిలా కూర్చుంది. చిన్నామెకు కాలు నిలవలేదు. కిటికీ తీసింది, మూసింది, మళ్ళీ తీసింది. కొక్కెం మీదున్న నీలం కోటు దించింది. కాజాలమ్మ తల తిప్పగానే మళ్ళీ తగిలించింది.

"అక్కా, కాసేపు ఇంటికెళ్ళి పడుకోరాదూ? సాయంత్రం వ్యాయామం ఉంది కదా."

"నాకు నిద్ర రావట్లేదు."

"పోనీ కూరలు తెచ్చి పెడతావా?"

"కొడుకు తెస్తాడు."

"దారం రీళ్ళు అయిపోయాయి. వీధి మూల షాపులో..."

"ఏమే, నేనిక్కడ కూర్చుంటే నీకు ముళ్ళు గుచ్చుకుంటున్నాయా?" అంది కాజాలమ్మ. అంటుంటే ఆమెకు ఎంత హాయిగా ఉందో! ఇన్నాళ్ళూ తను పడ్డ మంట ఇప్పుడు అవతలివాళ్ళు పడుతున్నారు. చూస్తూ కూర్చుంటే చాలు, మాత్రలక్కర్లేదు.

కొడుకు వచ్చాడు. మధ్యాహ్నం పళ్ళ డాక్టరు కోటు కోసం మనిషిని పంపాడు. చిన్నామె గబగబా లేచింది. "ఒరేయ్, అది రేపిద్దాంరా. ఇస్త్రీ సరిగ్గా కుదరలేదు."

"కుదిరింది పిన్నీ, నేనే చేశాగా."

"కాజాలు ఒకసారి చూసి..."

"నా కాజాలు ఒకరు చూడాలా?" కాజాలమ్మ గొంతు కొట్టంతా మోగింది. "ఇచ్చి పంపరా!"

కొడుకు ఇచ్చి పంపాడు. చిన్నామె గుమ్మం దాకా వెళ్ళి, కోటు వీధి మలుపు తిరిగేదాకా చూసి వచ్చింది. ఆ తర్వాత మధ్యమధ్యలో కణతలు నొక్కుకుంటుంటే కాజాలమ్మ కంటపడింది. సాయంత్రం పోయిందన్న దిగులుతోనే తలనొప్పి వచ్చి ఉంటుందిలే అనుకుంది.

సాయంత్రం గదిలో వెలుతురు వేరు. పడమటి కిటికీలోంచి ఎండ ఏటవాలుగా వచ్చి సైకిళ్ళ మీద పడుతోంది. ఆడవాళ్ళు వంటింటి సంగతులు దులిపేసుకుని వచ్చిన వాళ్ళలా తేలిగ్గా ఉన్నారు, నవ్వుకుంటున్నారు. "మీ చెల్లెలు రాలేదేం?" అని ముగ్గురు నలుగురు అడిగారు. చెల్లెలు కాదు తోడికోడలు అని కాజాలమ్మ అందరికీ సరిచేసి చెప్పింది. దాని కుర్చీలో కూర్చుంది. దాని రబ్బరు పట్టీ లాగింది. అయ్యాక జబ్బకు పట్టీ చుట్టినప్పుడు దానికెంత అని అడగడం కూడా మర్చిపోయింది.

"బాగా దిగిందమ్మా" అంది అమ్మాయి. "ఒక్కరోజుకే సంబరపడిపోకండి. వ్యాయామం చెయ్యగానే కాస్త దిగుతుంది. ఇలాగే కొన్ని వారాలు నిలబడాలి."

సంబరపడొద్దంటే ఎవరు ఆగుతారు? ఇంటికి వెళ్ళేదాకా ఆ అంకెను నోట్లో బిళ్ళలా చప్పరిస్తూ వెళ్ళింది. వెళ్ళగానే చిన్నామెకు వినిపించింది. "మంచిదక్కా" అంది చిన్నామె. నిజంగానే అన్నట్టుంది. అది మాత్రం కాజాలమ్మకు నచ్చలేదు.

*

శుక్రవారం పొద్దున పళ్ళ డాక్టరు తనే వచ్చాడు. నీలం కోటు తొడుక్కునే వచ్చాడు. గుమ్మంలో నిలబడి రెండు చేతులూ పక్కలకు చాచాడు.

"చూడండి మాస్టరూ. గుండీ పెడితే ఒకవైపు కిందకి, ఒకవైపు పైకి. నిన్న మీటింగులో అందరూ నా పళ్ళు వదిలేసి పొట్ట చూశారు."

కొడుకు దగ్గరికి వెళ్ళి చూశాడు. కాజాలు వరస తప్పాయి. ఒకటి అంచుకు జరిగింది, ఇంకొకటి ఏటవాలుగా పోయింది, అడుగుదాని కుట్లు అప్పుడే విచ్చుకుంటున్నాయి. వాడి మొహం కందిపోయింది. కోటు విప్పించి, కూర్చోమని బతిమాలి, సాయంత్రానికల్లా కొత్తదానిలా చేసి ఇంటికి పంపుతానని ఒప్పించి సాగనంపాడు. ఆ పెద్దమనిషి మలుపు తిరిగాక ఇటు తిరిగాడు. తిరిగింది తల్లి వైపు కాదు.

"పిన్నీ! ఏమిటిది? కాజాలు చూడాలి అని నిన్న నువ్వే అన్నావు. అమ్మ చెయ్యి ఇలా తప్పదు, అమ్మ కుట్టినవి విప్పి నువ్వు మళ్ళీ కుట్టావు కదూ? అమ్మ దగ్గర కూర్చుని ఇన్నేళ్ళయింది, వరస కూడా రాకపోతే ఎలా? ఇంతవరకు మన కొట్టుకు ఒక్క కోటు తిరిగి రాలేదు."

చిన్నామె తల వంచుకుంది. "పొరపాటైందిరా. తలనొప్పిగా ఉండి చూసుకోలేదు. విప్పి కుడతాను."

కాజాలమ్మ గుండె ఎగిరి గంతేసింది. అబద్ధమెందుకు, గంతే వేసింది. ఎన్నేళ్ళుగా ఎదురుచూసిన మాటలు! నోట్లో నాలుక లేని మనిషి, వీధంతా మెచ్చుకునే మనిషి, తల వంచుకుని కొడుకు ముందు నిలబడింది. కాజాలమ్మ ఒక్క మాట కూడా అననక్కర్లేదు. కూర్చుంటే చాలు.

కానీ చెయ్యి ఊరుకోదు కదా. కోటు అందుకుంది. నిన్న కోటు దించింది తన కాజాలు కెలకడానికేనన్నమాట, దాని ముడి పట్టుకుని కొడుక్కి చూపిద్దామనుకుంది. కాజా లోపలివైపు బొటనవేలు పెట్టి రాసింది.

ఏమీ తగల్లేదు.

రెండోదాని కింద రాసింది. నున్నగా ఉంది. మూడోదాని కిందా అంతే. దారం పొరల మధ్యకు పోయి, వెనక్కి వచ్చి, తెగింది. ప్రపంచంలో ఇలా తెంపే చెయ్యి ఒక్కటే ఉంది, అది ఆమె దగ్గరే ఉంది.

కోటు పక్కన పెట్టింది. కొడుకు ఇంకా ఏదో అంటున్నాడు. ఆమె లేచి, గోడ పట్టుకుని, కొక్కేల దగ్గరికి వెళ్ళింది. బూడిదరంగు కోటు. తను కుట్టింది, పోయినవారం. లోపల వేలు పెట్టింది. ఆవగింజంత ముడి. కిందిదానికీ ముడి. నల్లకోటు, అదీ తను కుట్టిందే. ముడి, ముడి, ముడి. కుట్టు వరస తప్పలేదు, అంచు జరగలేదు, ప్రతిదాని కిందా ఆ దిక్కుమాలిన ముడి.

పొద్దున్నే చిన్నామె ఒళ్ళో దారప్పోగులు. తను వ్యాయామానికి వెళ్ళి వచ్చేలోపల. పొద్దున నాకు కుదరదక్కా. పొద్దున నువ్వే వెళ్ళు.

"నోర్ముయ్‌రా" అంది కొడుకుతో. "ఇవి నావి."

"ఏమిటమ్మా?"

"ఆ కాజాలు నేను కుట్టినవి. దాన్ని అనకు. మంచంటావా, చెడంటావా, నన్నను."

కొడుకు తల్లిని చూశాడు, పిన్నిని చూశాడు. తెలివైనవాడు, దారం రీళ్ళు తెస్తానని బయటికి వెళ్ళిపోయాడు.

ఇద్దరూ మిగిలారు. చిన్నామె కటింగ్ బల్ల మీద లేని దుమ్ము తుడుస్తోంది.

"ఎన్నాళ్ళ నుంచే?"

"ఇప్పుడవన్నీ ఎందుకక్కా?"

"చెప్పు."

"నా కన్ను బాగుపడ్డ దగ్గర్నుంచీ. కనపడ్డం మొదలయ్యాక కనపడ్డాయి మరి" అంది చిన్నామె.

"చెప్పలేకపోయావా?"

"చెబితే బతకనిస్తావా నువ్వు?" చిన్నామె గుడ్డ బల్లమీద విసిరికొట్టింది. ఆ మనిషి అంత గట్టిగా మాట్లాడ్డం కాజాలమ్మ వినడం అదే మొదటిసారి. "నీ కుట్లు విప్పడం అంటే మాటలా? ముడైనా ఉంటే అక్కడ పట్టుకుని లాగొచ్చు. నువ్వు ఎక్కడ మొదలుపెడతావో ఎక్కడ ఆపుతావో దేవుడికి కూడా తెలీదు. బ్లేడుతో ఒక్కో పోగూ తెంపుకోవాలి, గుడ్డ కొయ్యకుండా. ఇన్నేళ్ళూ ఆ చివర ఎలా ఆపుతుందిరా బాబూ అని నాకు కళ్ళు కుట్టేవి. ఇప్పుడు వేళ్ళు నొప్పెడుతున్నాయి."

కాజాలమ్మ పీట మీద కూర్చుంది. దానికి కళ్ళు కుట్టేవట. తన మీద. ఆ మాటను అటు తిప్పి ఇటు తిప్పి చూసుకుంది. సంతోషించాల్సిన మాటే, ఇంకోరోజైతే వీధంతా చెప్పుకునేది. ఇవాళ లోపల మిగతాదంతా దాన్ని నొక్కేసింది. చేసిన మంచి అంతా దానిదే అయింది. చివరికి మంచితనం కూడా దాని వాటాకే పోయింది, తనకు మిగిలింది చీటీ.

బ్లేడు తీసి కోటు మీద పెట్టి, చిన్నామె వైపు జరిపింది. "విప్పు. ఇక దాపరికం ఎందుకు, నా ఎదురుగానే విప్పు."

చిన్నామె కోటు తీసుకుంది, బ్లేడు తీసుకుంది. కిటికీ వైపు తిరిగి కూర్చుంది. మొదటి కుట్టు కింద బ్లేడు మొన పెట్టింది. అలాగే ఉండిపోయింది.

"ఏమైంది?"

"నువ్వు చూస్తుంటే చేతులాడవక్కా."

"నాకేం కనపడుతుందే?"

"అయినా సరే."

కాజాలమ్మ కూడా కూర్చోలేకపోయింది. బ్లేడు దారం మీద పడే చిన్న చప్పుడు కోసం చెవులు రిక్కించి కూర్చోవడం ఆమెవల్ల కాలేదు. లేచి వీధిలోకి వెళ్ళి, పనేమీ లేకుండా ఆ చివరి దాకా నడిచి వచ్చింది. వచ్చేసరికి కోటు ఇస్త్రీ బల్ల మీద ఉంది. కింద దారం ముక్కలు లేవు, ఊడ్చేసింది.

*

"టైమవుతోంది, బయల్దేరు" అంది చిన్నామె సాయంత్రం. చెప్పులు కూడా తెచ్చి పెట్టింది.

కాజాలమ్మ వెళ్ళింది. సైకిలు తొక్కింది, లేచింది, కూర్చుంది, పట్టీ లాగింది. విశ్రాంతి అయ్యాక అమ్మాయి వచ్చి జబ్బకు పట్టీ చుట్టింది.

"మాట్లాడకండమ్మా" అంది అలవాటుగా. కాజాలమ్మ మాట్లాడనే లేదు. అది చూసి అమ్మాయి ఒకసారి ఆగి, తర్వాత గాలి కొట్టింది.

"నిన్నటికంటే దిగింది. ఇలాగే కొన్ని వారాలు సాయంత్రం వచ్చారంటే కంటి డాక్టరుగారితో నేనే మాట్లాడతా."

"సోమవారం నుంచి పొద్దున వస్తా" అంది కాజాలమ్మ.

"ఏమిటీ?"

"దాని కుర్చీ దానికిచ్చెయ్. దానికీ తల నొప్పెడుతోంది, సాయంత్రాలు మానేసినప్పట్నుంచీ."

"చీటీ నాదీ అని అంత గొడవ చేశారు కదమ్మా! నా లెక్కలన్నీ పాడుచేశారు! పొద్దున్నైతే మీకు నెమ్మదిగా దిగుతోంది. ఆపరేషన్ వెనక్కి పోతుంది, తెలుసా?"

"తెలుసు. నెమ్మదిగానే దిగనీ. దిగడమైతే దిగుతోందిగా?"

"ఎందుకు మరి?"

"పొద్దున నేను కొట్లో ఉంటే దానికి చేతులాడవు."

అమ్మాయికి ఒక్క ముక్క అర్థం కాలేదు. ముసలివాళ్ళ మాటలు సగం అలాగే ఉంటాయని ఊరుకుని పట్టీ విప్పింది. కాజాలమ్మ లేవబోయి, మళ్ళీ కూర్చుంది. చుట్టూ చూసి గొంతు తగ్గించింది.

"ఇంతకీ ఆఖరిసారి దానికెంత?"

"చెప్పకూడదమ్మా."

"అంకె వద్దు. నాకంటే తక్కువేనా? అదొక్కటి చెప్పు."

అమ్మాయి నవ్వేసి పక్క కుర్చీకి వెళ్ళిపోయింది. తక్కువేనన్నమాట. కాజాలమ్మకు చురుక్కుమంది. పాత చురుకే, ఎక్కడికీ పోలేదు.

దారిలో ఇంటివైపు తిరక్కుండా కొట్టుకే వెళ్ళింది. కొడుకు లెక్కలు చూసుకుంటున్నాడు, చిన్నామె ఇస్త్రీ పెట్టె చల్లారబెడుతోంది. కాజాలమ్మ తన పీట మీద కూర్చుని, సోమవారం ఇవ్వాల్సిన గోధుమరంగు కోటు ఒళ్ళోకి లాక్కుంది. సూదీ దారం చిన్నామె వైపు చాచింది. చిన్నామె దారం ఎక్కించి ఇచ్చింది.

కాజాలమ్మ దారానికి మైనం రాసి, అంచు తడుముకుని, మొదటి కుట్టు వేసింది. ఎప్పుడూ బిగించి లాగే దారాన్ని ఇవాళ కాస్త వదులుగా వదిలింది. చివరికి వచ్చాక, పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ వెయ్యని ముడి ఒకటి వేసింది. విప్పేటప్పుడు పట్టుకుని లాగడానికి చిన్నామెకు వీలుగా ఉంటుంది.